సుద్దగీతలు

గుడుపల్లి దాటి రాళ్ళదారిలో నాలుగు మైళ్ళు.
బోర్డు ఇంకా ఉంది: అనుమతి లేనిదే ప్రవేశం లేదు.
ఇప్పుడా అనుమతి
సర్కారు తుమ్మను అడగాల.

ఏడు లైన్లు, లైనుకు ఇరవై ఇళ్ళు.
కంపెనీ రేకు, కంపెనీ సున్నం,
కంపెనీ తలుపు మీద కంపెనీ నంబరు.
గోడకు మేకు కొడితే జీతంలో పావలా పట్టేవాళ్ళు,
అందుకే మా ఇంట్లో దేవుళ్ళందరూ
నేలమీదే కూర్చున్నారు.

కోడికంటే ముందు సైరను కూసేది.
కొన్నాళ్ళకు కోళ్ళే దాని కోసం కాచుకోవడం మొదలుపెట్టినాయి.

అ ఆ లకంటే ముందు మాకు బోను గంటలొచ్చు.
ఒకటి, నిలుపు.
రెండు, దించు.
మూడు, మనుషులున్నారు, మెల్లగా.
మాయమ్మ కంచమ్మీద గరిటెతో మూడు కొడితే
గోలీలు జేబులో వేసుకుని సంగటికి పరిగెత్తేవాళ్ళం.

మా నాయన గురవప్ప బంగారం తవ్వలేదు.
రెండువేల అడుగుల కింద
ముప్పై ఒక్క ఏళ్ళు పంపు తోలినాడు.
రాయికి చెమట పడతాదిరా, తుడవకుంటే మునిగిపోతాం, అనేవాడు.
బంగారం ఎట్లుంటాది నాయనా అంటే
ఏమో, నాకు తెలిసింది నీళ్ళే,
రవంత పులుపు, ఇనుము వాసన.

తవ్వింది సెబస్తి మామ.
కూతురి తాళికి అరసవరం
కుప్పం సేటు దగ్గర అప్పుకు కొన్నాడు.
తవ్విన రాతిలో తన వంతు
ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు.

మేం తోడేకొద్దీ చుట్టూ బావులు దిగిపోయినాయి.
సంతలో కనుమలపల్లి పెద్దమ్మ
మాకు మాత్రం శేరు తలకొట్టి పోసేది చెనిక్కాయలు,
మా బావి తాగినోళ్ళు మీరు, అని.
నాయన మారు మాట్లాడకుండా సంచి పట్టేవాడు.

గేటుకు కాగితం అంటించింది మంగళవారం.
ఇత్తడి బిళ్ళలు కిటికీలో తిరిగిచ్చేసి
అందరూ ఎండలోకొచ్చి నిలబడినారు,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక.
నాయన పంపు ఇంకో వారం ఆడింది,
పైపులు పైకి తీసుకోవాలంట.
తర్వాత తన చేత్తోనే ఆపినాడు.
ఆ రాత్రి ఏడు లైన్లలో ఎవరికీ కన్ను మూతపడలేదు.
అంత నిశ్శబ్దం మేమెప్పుడూ వినలేదు.

ఒక్కో ఇల్లే బంగారుపేట పోయి బెంగుళూరు రైలెక్కింది.
సెబస్తి కొడుక్కి పదకొండంతస్తుల్లో లిఫ్టు పని.
ఇక్కడ బోను పైకే పోతాది మామా, అని కార్డు రాసినాడు.

నాయన కదల్లేదు.
నెలకోసారి తీగకు రాయి కట్టి గని నోట్లోకి వదిలేవాడు.
తీగ ఎక్కడ తడిసిందో వేలితో పట్టుకుని
ఇంటికొచ్చి తలుపు మీద సుద్దతో గీత.
పదహారువందలు.
పద్నాలుగువందల యాభై.
తొమ్మిదివందలు, పక్కనే చిన్న ప్రశ్నగుర్తు.
కంపెనీ తలుపు, జీతంలో పట్టుకుంటారు, అనింది అమ్మ.
ఏ జీతంలో, అన్నాడు.

ఏడేళ్ళకు కనుమలపల్లి బావిలో ఊటొచ్చింది.
పెద్దమ్మ చెంబెడు మోసుకొచ్చింది,
ఏం నీళ్ళో చెప్పు గురవప్పా, అని.
నోట్లో పోసుకుని చానాసేపు మింగలేదు నాయన.
మావే, అన్నాడు.
ఆ పొద్దు ఆమె చెనిక్కాయలు
కొలవకుండా ఒళ్ళోకి పోసి పోయింది.

ఆఖరి గీత ఆయన గీసింది కాదు.
ఆయనకు గుంత తవ్వుతుంటే
నాలుగడుగులకే తడి,
అయిదో అడుగుకి పాదాలు మునిగినాయి.
సెబస్తి దగ్గుతానే గడ్డపార మీద పారతో
రెండు కొట్టినాడు.
ఎవరూ దించలేదు.
నీళ్ళు తోడందే ఎట్లా దించేది?
తోడేవాడు చాప మీద పడుకోనుండాడు.

బొక్కెన కోసం
ఎవరో కనుమలపల్లికి పరిగెత్తినారు.